పెరటి కలపలో వడ్రంగి తుమ్మెదలు: నష్ట నివారణ, పరాగవాహకుల పరిరక్షణ

పల్నాడు జిల్లాలోని నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల పల్లెల్లో ఇంటి పెరడు అంటే ఒక పశువుల కొట్టం, ఒక పాదు పందిరి, ఒకటి రెండు మునగ చెట్లు. కొట్టం వాసంలోనో, పందిరి గుంజలోనో ఒకనాడు చిటికెన వేలు పట్టేంత గుండ్రని రంధ్రం కనిపిస్తుంది. దాని కింద రంపపు పొట్టు రాలి ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద ఝుంకారం చేస్తూ ఆ రంధ్రంలోకి పోతుంది. "ఇందులో ఏ మందు పోయాలండీ?" అని రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడుగుతాడు. మందు పేరు చెప్పడం తేలికే. అయితే, ఆ తుమ్మెద అదే పెరటిలోని మునగకు, అదే ఊరి పొలాల్లోని కందికి చేస్తున్న సేవను లెక్కలోకి తీసుకున్న తరువాతనే సమాధానం చెప్పడం శాస్త్రీయం.

గుర్తింపు

మన తెలుగువారు తుమ్మెద అని పిలిచే ఈ కీటకం తేనెటీగల కుటుంబానికి చెందిన వడ్రంగి తుమ్మెద. దీని ప్రజాతి జైలోకోపా. గ్రీకు భాషలో ఈ మాటకు కలపను కోసేది అని అర్థం. నిగనిగలాడే నల్లని దేహం, నీలి ఆకుపచ్చ మెరుపు గల రెక్కలు ఉన్న జైలోకోపా లాటిపెస్, ఆడ తుమ్మెదకు వీపు మీద పసుపు రంగు నూగు ఉండే జైలోకోపా ప్యుబెసెన్స్ మన దేశంలో కనిపించే జాతులలో ముఖ్యమైనవి.

క్షేత్రంలో మొదట చేయవలసిన పని నష్టానికి కారణమైన పురుగును సరిగా గుర్తించడం. చెదలు సోకిన కలప మీద మట్టి గొట్టాలు ఉంటాయి. పుప్పి పురుగు పట్టిన కలపలో గుండుసూది తల వంటి సన్నని రంధ్రాలు, వాటి నుండి పిండి వంటి పొడి కనిపిస్తాయి. వడ్రంగి తుమ్మెద రంధ్రం మాత్రం సుమారు 1 నుండి 1.5 సెం.మీ. వ్యాసంతో, తొలిచిపట్టినట్లు గుండ్రంగా ఉంటుంది. కింద రాలిన పొట్టు ముతకగా ఉంటుంది. రంధ్రం చుట్టూ పుప్పొడి, విసర్జన వలన ఏర్పడిన పసుపు మరకలు కూడా కనిపించవచ్చు.

గూటి నిర్మాణం

వడ్రంగి తుమ్మెద కలపను తినదు. ఆడ తుమ్మెద దవడలతో కలపను కొరికి, లోపలికి కొద్ది దూరం పోయి, అక్కడి నుండి నార వెంట మలుపు తిరిగి సొరంగం తొలుస్తుంది. అందులో పుప్పొడి, మకరందం కలిపిన ముద్దను ఉంచి, దానిపై ఒకే గుడ్డు పెట్టి, పొట్టును నమిలి చేసిన బిళ్ళతో ఆ గదిని మూసివేస్తుంది. ఇటువంటి గదులు వరుసగా కొన్ని మాత్రమే ఉంటాయి. గుడ్డు నుండి ప్రౌఢ దశకు వెచ్చని వాతావరణంలో సుమారు 5 నుండి 7 వారాలు పడుతుంది.

ఈ జీవిత చరిత్రలో గమనించవలసిన అంశం సంతాన పరిమితి. తేనెటీగ రాణి ఒక్క రోజులో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. వడ్రంగి తుమ్మెద ఒక గూటిలో పెంచే సంతానాన్ని వేళ్ళ మీద లెక్కించవచ్చు. కనుక పెరటిలో నాలుగు గూళ్ళను మందుతో నాశనం చేస్తే ఆ చుట్టుపక్కల తుమ్మెదల సంఖ్య తిరిగి కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

పంటలకు చేసే సేవ

మునగ పూల పరాగసంపర్కంపై ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనం వడ్రంగి తుమ్మెదలను ఆ పూలకు సమర్థమైన పరాగవాహకులుగా గుర్తించింది. కంది పువ్వు స్వపరాగసంపర్కానికి అనువుగా ఉన్నా, ఆకు కత్తిరించే తేనెటీగలు, వడ్రంగి తుమ్మెదలు వంటి బలమైన కీటకాలు దానిపై వాలి పరపరాగసంపర్కం జరుపుతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కృషితో 1991లో వెలువడిన తొలి కంది సంకరం ఐసిపిహెచ్ 8 విత్తనోత్పత్తి సాధ్యమైనది పురుష వంధ్య వరుసలకు ఈ కీటకాలు పుప్పొడిని చేరవేయడం వల్లనే. కంది విత్తన క్షేత్రాలలో వేర్పాటు దూరం పాటించమని చెప్పడానికి కారణం కూడా ఇవే కీటకాలు. జనుము పూలకు సైతం వీటి రాక ఎంతో అవసరం.

వంగ, తంగేడు పూలలో పరాగకోశాల కొనన ఉన్న చిన్న రంధ్రాల గుండానే పుప్పొడి వెలువడుతుంది. వడ్రంగి తుమ్మెద పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను వేగంగా కంపింపజేసి ఆ పుప్పొడిని రాలుస్తుంది. మనం పెట్టెలలో పెంచే తేనెటీగలకు ఈ నేర్పు లేదు. కనుక తేనెటీగల పెట్టెలు ఉంచినంత మాత్రాన తుమ్మెదల లోటు తీరదు. పొడవైన గొట్టం గల కొన్ని పూలను ఇవి పక్కన చీల్చి, పరాగసంపర్కం జరపకుండా మకరందం కాజేయడం కూడా వాస్తవమే. అయినా మొత్తం మీద మేలే ఎక్కువ.

2021లో మిరపను నల్ల తామర పురుగు ముంచెత్తిన నాటి నుండి పిచికారీల ఒత్తిడి ఎంతటిదో పల్నాడు రైతుకు తెలుసు. పొలంలో మందు ఎక్కువైన చోట పరాగవాహకులకు మిగిలే ఆశ్రయం పెరడే.

నష్టం అంచనా

ఒకటి రెండు రంధ్రాల వలన దూలం కూలిపోదు. అయితే తుమ్మెదలు పాత గూళ్ళనే శుభ్రం చేసి, పొడిగించి తరతరాలుగా వాడుకుంటాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే, ఆపై వాన నీరు లోపలికి దిగి శిలీంధ్రం తోడైతే, సన్నని వాసాలు బలహీనపడతాయి. బరువు మోసే దూలానికి, బరువు మోయని పందిరి కర్రకు ఒకే సలహా ఇవ్వరాదు.

యాజమాన్య పద్ధతులు

1. పెయింటు: తుమ్మెదలు ఎండిన, పూత లేని కలపను ఇష్టపడతాయి. కొత్త కలపకు అన్ని వైపులా, కోసిన చివరలతో సహా, ఆయిలు పెయింటు వేయించాలి. ఇదే అన్నింటికన్నా మన్నికైన నివారణ.

2. రంధ్రాలు మూయుట: గూడు ఖాళీ అయిన తరువాతనే మూయాలి. రంధ్రం మూతికి పలుచని కాగితం అంటించి గమనించాలి. చినిగితే గూడు వాడుకలో ఉన్నట్లే. 7 వారాల పాటు చినగకుండా ఉంటే కొయ్య బిరడాను జిగురుతో బిగించి పైన పెయింటు వేయాలి. తుమ్మెదలు లోపల ఉండగా మూస్తే అవి మరో వైపు తొలుచుకొని బయటికి వస్తాయి. అప్పుడు నష్టం రెట్టింపవుతుంది.

3. గూటి తరలింపు: బరువు మోసే వాసం మార్చక తప్పకపోతే, గూడు ఉన్న ముక్కను కాల్చకుండా పెరటిలో ఒక మూల, వాన తగలని నీడలో అడ్డంగా కట్టి ఉంచాలి. లోపలి పిల్లలు సహజంగా బయటికి వస్తాయి.

4. ప్రత్యామ్నాయ గూళ్ళు: లోపలి వ్యాసం 1.2 నుండి 2 సెం.మీ., పొడవు 25 నుండి 30 సెం.మీ. ఉండి, ఒక చివర కణుపుతో మూసుకొని ఉన్న ఎండు వెదురు గొట్టాలను కట్టగా చేసి చూరు కింద అడ్డంగా వేలాడదీయాలి. చీమలు ఎక్కకుండా వేలాడదీసిన తీగకు గ్రీజు పూయాలి.

చేయకూడనివి

పంటకు వాడగా మిగిలిన పురుగుమందును రంధ్రంలో పోయడం, కిరోసిను పోసి నిప్పు పెట్టడం పూర్తిగా మానాలి. పశువుల కొట్టంలో ఈ మందు మేతకు, పాలకు చేరే ప్రమాదం ఉన్నది. గడ్డివామి పక్కన నిప్పు సంగతి చెప్పనవసరం లేదు. పిల్లలను కుడుతుందన్న భయానికి కూడా ఆధారం తక్కువ. ముఖం ముందు గిరికీలు కొట్టే మగ తుమ్మెదకు కొండి లేదు. ఆడ తుమ్మెద చేతితో పట్టుకుంటే తప్ప కుట్టదు.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు

పెరటి కలప రకం, పూత, గూళ్ళ సంఖ్య, దగ్గరలోని మునగ, కంది పూత కాలం, వెదురు గొట్టాలలో గూళ్ళు కట్టిన శాతం వంటి వివరాలను గ్రామాల వారీగా నమోదు చేయడం స్నాతకోత్తర విద్యార్థులకు తక్కువ ఖర్చుతో సాధ్యమయ్యే అధ్యయనం. రైతు మందు అడిగినప్పుడు ముందుగా అతనిని మునగ చెట్టు వద్దకు తీసుకుపోయి పూల మీద వాలుతున్నది ఏ కీటకమో చూపించాలి. ఆ తరువాత పెయింటు డబ్బా ధర, వెదురు గొట్టం కొలత చెబితే, ఆ సలహా రైతు మనసుకు ఎక్కుతుంది.