ట్రాం ఎక్కిన కథానాయకుడు!

సినిమాల్లో హీరో కారు దిగితే హాల్లో ఈలలు మోగుతాయి. అదే ట్రాం దిగితే? ఈలలు మోగవు గానీ, అతని జీతం ఏపాటిదో ప్రేక్షకుడికి చప్పున తెలిసిపోతుంది. ఈ కిటుకు బెంగాలీ దర్శకులకు బాగా తెలుసు!

సత్యజిత్ రే 'మహానగర్' (1963) చూసినవారికి గుర్తుండే ఉంటుంది. పేర్లు పడుతున్నప్పుడు తెర మీద మొహాలేవీ కనిపించవు. కరెంటు తీగను రాసుకుంటూ సాగే ట్రాం కడ్డీ, అప్పుడప్పుడు చిమ్మే నిప్పురవ్వలు... అంతే! ఆ ట్రాంలోనే ఇంటికి పోతుంటాడు బ్యాంకు ఉద్యోగి సుబ్రత (అనిల్ చటర్జీ). అతని ఒక్క జీతం చాలకనే భార్య ఆరతి (మాధవీ ముఖర్జీ) ఉద్యోగం కోసం గడప దాటుతుంది.

1977లో మన తెలుగులో 'ఒక ఊరి కథ' తీసిన మృణాల్ సేన్ 'ఇంటర్వ్యూ' (1971)లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ట్రాంలో వెళ్తున్న రంజిత్ మల్లిక్ కెమెరా వైపు తిరిగి, తను స్టారునేమీ కాదనీ, ఓ పత్రికలో పనిచేసే మామూలు మనిషిననీ నేరుగా మనతోనే చెప్పేస్తాడు. అంత జనం మధ్య ఉండి చెప్పాడు కాబట్టే నమ్ముతాం.

కలకత్తాలో గుర్రాలు లాగే ట్రాం 1873లో, కరెంటు ట్రాం 1902లో వచ్చాయి. మొదటి తరగతిలో ఫ్యాన్లుంటే, రెండో తరగతిలో చిరుద్యోగులు, కూలీలు. 1953 జూలైలో రెండో తరగతి ఛార్జీ ఒక్క పైసా పెంచితే ఊరు ఊరంతా భగ్గుమంది. చివరికి ఆ పైసా వెనక్కి తీసుకోక తప్పలేదు!

అంతకు మూడు నెలల ముందే, తెలుగు సినిమాకు అప్పటి పుట్టిల్లయిన మద్రాసులో ట్రాంలు ఆగిపోయాయి. 1895 నుంచి నడిచినవి! 'పాతాళభైరవి' (1951) విడుదలైన రోజుల్లో ఆ వీధుల్లో ట్రాం గంట ఇంకా వినిపిస్తూనే ఉండేది.

ఇక కలకత్తా వంతు. రోడ్ల మీద రద్దీ పెరిగిపోయిందంటూ, ఎస్ప్లనేడ్–మైదాన్ మధ్య ఒక్క రూటు మాత్రం వారసత్వ గుర్తుగా ఉంచి మిగతావి ఆపేస్తామని 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

సరదాగా ఓ చుట్టు తిరిగొచ్చే వాళ్ళకి ఆ ఒక్క రూటూ చాలు. ఆఫీసు నుంచి ఇల్లు చేరాల్సిన సుబ్రతలకు మాత్రం చాలదు.