చిన్న చేతులకు చిన్న సంగీతమేనా?

బడి వాద్యబృందాల రచనలు: అపోహలు – వాస్తవాలు

ఉత్తరాంధ్ర పెద్దలు ‘రంగం’ అని పిలుచుకున్న ఊరు బర్మాలోని యాంగోన్. ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కోరంగి రేవు పేరుతో ‘కోరంగీ’లన్నారు. ఆ ఊళ్లో 2003లో ‘గీతమెయిత్’ అనే సంగీత కేంద్రం మొదలైంది. గీతం, మైత్రి కలిసిన ఆ పేరు మనకు వినగానే అర్థమవుతుంది. అక్కడైనా, మన బడుల్లోనైనా పిల్లలతో తంత్రీవాద్య బృందం కట్టాలనుకోగానే కొన్ని అపోహలు అడ్డుపడతాయి.

అపోహ: వయొలిన్ పరాయి వాద్యం. దానికి పాశ్చాత్య రచనలే సరి.

వాస్తవం: బర్మీయులు వయొలిన్‌ను ‘తయో’ అని, పియానోను ‘సందయా’ అని పిలుచుకుని తమ గీతాలే వాటిపై పలికించారు. మన దగ్గర బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలపై సుమారు 40 నొట్టుస్వరాలు రచించారు. శంకరాభరణంలో, అంటే మేజర్ స్కేల్‌లో సాగే ఆ చిన్న రచనలు పిల్లల బృందానికి వండి వడ్డించినట్టే ఉంటాయి.

అపోహ: బృందవాదన పాశ్చాత్యుల సొత్తు.

వాస్తవం: బర్మా ‘సైంగ్ వైంగ్’ మేళంలో శ్రుతి చేసిన 21 డోళ్ల వలయం మధ్య కూర్చుని ఒక్కరే వాటిని వాయిస్తారు. తక్కిన వాద్యాలు అదే బాణీని ఎవరి తీరులో అవి అలంకరిస్తాయి. ‘సీ’ అనే చిరుతాళాలు, ‘వా’ అనే చెక్క చిడత కాలం చూపిస్తాయి. బడి బృందానికి ఇంతకంటే మంచి నమూనా ఏముంది? చేయి తిరిగినవాళ్లకు అలంకారం, నడిమివాళ్లకు బాణీ, కొత్తగా చేరినవాళ్లకు శ్రుతి, మరీ చిన్నవాళ్లకు సీ, వా.

అపోహ: గొప్ప స్వరకర్తలు పిల్లల కోసం రాయరు.

వాస్తవం: 1703లో వెనిస్ అనాథ బాలికల ఆశ్రమంలో వయొలిన్ గురువుగా చేరిన వివాల్డి ఆ అమ్మాయిల కోసం ఎన్నో కన్చెర్టోలు రాశారు. లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో పాఠం చెప్పిన గుస్తావ్ హోల్స్ట్, తన విద్యార్థినుల కోసమే ‘సెయింట్ పాల్స్ సూట్’ రాసి 1913లో పూర్తిచేశారు. బెంజమిన్ బ్రిటన్ తన చిన్ననాటి బాణీలతోనే 1934లో ‘సింపుల్ సింఫనీ’ కూర్చారు. అందులో ఒక భాగమంతా కమాను పక్కనపెట్టి తీగలు మీటడమే.

అపోహ: కష్టమైన రచన ఎత్తుకుంటేనే స్థాయి పెరుగుతుంది.

వాస్తవం: వయొలిన్, వియోలా, చెల్లో, డబుల్ బాస్ నాలుగింటికీ జి, డి, ఎ తీగలు ఉమ్మడి. డి మేజర్, జి మేజర్ రచనల్లో వేలు ఆన్చకుండా మోగే ఆ వట్టి తీగలు శ్రుతికి ఊతమిస్తాయి. ఫ్లాట్ స్వరాలు ఎక్కువైతే ఆ ఊతం పోతుంది. పిల్లలు స్వరస్థానాలు వెతుక్కోవడంలోనే అలిసిపోతారు, పక్కవాళ్ల వాద్యం వినే తీరిక ఉండదు. వినడం రాని బృందానికి స్థాయి ఎక్కడిది?

అపోహ: నాలుగు రకాల వాద్యాలూ లేనిదే బృందం కాదు.

వాస్తవం: స్వరకర్త బార్తోక్ 1931లో రాసిన 44 యుగళాలకు రెండు వయొలిన్లు చాలు. దాదాపు అన్నీ జానపద బాణీలే, తేలికవాటి నుంచి కష్టమైనవాటికి వరుసగా నడుస్తాయి. ఇతర రచనల్లో, వియోలా లేని బడుల కోసం వియోలా భాగాన్ని మూడో వయొలిన్‌కు మార్చిన ప్రతులూ దొరుకుతాయి.

అపోహ: స్థానిక గీతాన్ని స్టాఫ్ నొటేషన్‌లోకి దింపితే పని అయిపోయినట్టే.

వాస్తవం: బర్మాలో విల్లులా వంగిన ‘సౌంగ్’ హార్ప్ నేర్చేవాళ్లు మొదట ‘చో’ గీతాలు నేర్చుకుంటారు. ఆ మాటకు తీగ అని అర్థం. అయితే బర్మా సంప్రదాయ శ్రుతులు పియానో స్వరాలతో అన్నిచోట్లా కలవవు. తాళంలో బరువు కూడా ‘సీ’ తర్వాత వచ్చే ‘వా’ మీద పడుతుంది. ఇవి కాగితం మీద కనిపించవు. గురువు పాడాలి, పిల్లలు విని పాడాలి, ఆ తర్వాతే కమాను పట్టాలి. వయొలిన్‌కు మెట్లు లేవు కనుక చెవి పట్టిన స్వరాన్ని వేలు అందుకోగలదు.

హోల్స్ట్ తన ఎదుట కూర్చున్న అమ్మాయిలను చూసి రాశారు. మనకు రాయడం రాకపోయినా అలా చూసి ఎంచుకోవడం చేతనవుతుంది. బృందంలో అందరికంటే వెనకబడ్డ పిల్లకు కూడా నిజంగా వాయించే పని ఒకటి ఆ రచనలో ఉందా? ఉంటే, ఆ బడికి అదే తగిన రచన.