చలిదేశమున కారు టైర్లు

చలిదేశములందు కాపురముండి, ప్రతిదినము కారులో నుద్యోగమునకు బోవు సోదరీమణులకు టైర్ల యెంపికయు గృహకృత్యములలో నొకటియే. అన్నికాలములకు నొకటేయను టైర్లు, చలి 7 డిగ్రీలకు దిగినది మొదలు బిరుసెక్కి, నేలను పట్టు శక్తిని క్రమముగా గోల్పోవును. శీతకాలపు టైర్ల రబ్బరు చలిలోను మెత్తగానే యుండును. దానియందలి సన్నని చీలికలు హిమమును కరచిపట్టును. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు నివి చట్టరీత్యా తప్పనిసరి.

రెండు సెట్లకు వ్యయము రెట్టింపగునని వెరవనక్కరలేదు. ఒకటి తిరుగునపుడు రెండవది యరుగదు గదా! మార్పించు కూలియు, దాచు చోటును మాత్రమే యధికము. అయితే నాలుగు చక్రములకును మార్పించవలెను. రెంటికి మాత్రమే మార్చిన బండి యదుపు తప్పును.

హిమము అరుదైన యూర నొక్క సెట్టు చాలును. హిమము నెలలకొలది నిలుచుచోట మాత్రము ఈ వ్యయమునకు వెనుదీయరాదని మా మనవి.