మందిచ్చే వారున్నారు, మూలం వెదికే వారేరీ?

వారం వారం రాజధాని నుంచి వ్రాసే ఈ లేఖను ఈసారి పుదుచ్చేరి నుంచి పంపుతున్నాను. బస ఒర్లియంపేటలో దొరికింది. నా పక్క గదిలో దిగినవారు యానాం నుంచి ఒక రోగిని వెంటబెట్టుకుని వచ్చిన బంధువులు. అరవం వినిపించే వీధిలో గోదావరి తీరపు తెలుగు చెవినబడడంతో మాట కలిసింది. రోగికి మూత్రపిండాల వ్యాధి. గోరిమేడులోని జిప్మర్‌కు వచ్చారు.

జిప్మర్‌కూ ఢిల్లీకీ గల సంబంధం పాఠకులకు విదితమే. 1823లో ఫ్రెంచివారు ఇక్కడ నెలకొల్పిన వైద్య పాఠశాలతో దాని చరిత్ర మొదలవుతున్నది. 1964లో అది జిప్మర్ అయింది. 2008లో పార్లమెంటు చట్టం దానికి జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా హోదా ఇచ్చింది. యానాంలో దాని 90 పడకల విభాగం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. అయినా నేను వ్రాయదలచినది పడకల లెక్క కాదు.

ఉద్దానం పేరు తెలియని తెలుగువారుండరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య బ్రతికే శ్రమజీవులకు మధుమేహం లేకుండానే మూత్రపిండాలు చెడిపోతున్నాయి. ఇట్టి వ్యాధే శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాలలోనూ వున్నది. పుదుచ్చేరి పరిసరాలలోని వ్యవసాయ కూలీలలో సైతం ఇది కనిపిస్తున్నదని జిప్మర్ వైద్యులు 2020లో ప్రకటించి, ప్రాచీన నామాన్ని బట్టి దానిని తొండమండలం వ్యాధి అన్నారు. మన తిరుపతి సీమ కూడ ఒకప్పుడు ఆ తొండమండలంలోనిదే. ఎండలో కాయకష్టం, త్రాగునీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశ లక్షణం ఇలా అనుమానాలు అనేకం. దోషి ఇదేనని నేటికీ రుజువు కాలేదు.

ఎందుకు కాలేదు? ఈ ప్రశ్నను ఇక్కడ నాకు పరిచయమైన ఒక యువ వైద్యురాలి ముందుంచాను. ఆమెది ఉద్దానమే. మేనమామ కొబ్బరితోటలో పనిచేసి, డయాలిసిస్ మీద మూడేళ్ళు బ్రతికి, కన్నుమూశాడట.

“మా ఊరికి ఎన్నో బృందాలు వచ్చాయండి. రక్తం తీసుకున్నారు, నీళ్ళు పట్టుకుపోయారు. ఏం తేలిందో మళ్ళీ వచ్చి చెప్పినవారు లేరు. ‘ఎందుకొచ్చిందమ్మా ఈ రోగం?’ అని మామయ్య నన్ను అడిగేవాడు. వైద్యం చదివాను గాని, దానికి జవాబు ఎలా వెదకాలో నాకెవరూ నేర్పలేదు” అన్నది.

ఆ నేర్పే విద్య సులభమైనది కాదు. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలుంటాయి. వాటిలో సగం పాడైనా మనిషికి బాధ తెలియదు. ఇతర మూత్రపిండ వ్యాధులలో సాధారణంగా మూత్రంలో మాంసకృత్తులు కనిపించి హెచ్చరిస్తాయి. ఈ వ్యాధిలో ఆ హెచ్చరిక కూడ స్వల్పమే. కనుక రక్తంలో క్రియాటినిన్‌ను నిర్దుష్టంగా కొలవాలి, మూడు నెలలు ఆగి తిరిగి కొలవాలి. ఒక ప్రయోగశాల కొలత మరొకదానితో సరిపోకపోతే ఊరి లెక్క అంతా తారుమారవుతుంది. ఎవరిని, ఎందరిని పరీక్షించాలో గణాంక శాస్త్రం చెప్పాలి. చదువురాని కూలీకి అర్థమయ్యే మాటలలో విషయం చెప్పి సమ్మతి పొందాలి. ఆపైన అదే మనిషిని ఏళ్ళ తరబడి వెంబడించాలి. ఆసుపత్రిలో తెల్లవారింది మొదలు రోగులను చూచే యువ వైద్యునికి ఇవన్నీ నేర్చుకునే తీరిక ఎక్కడిది? పట్టా కోసం వ్రాసిన సిద్ధాంత గ్రంథం బీరువా చేరుతుంది. పరిశోధన అంతటితో సరి.

ఢిల్లీ ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. భారత వైద్య పరిశోధన మండలి 1979లోనే వైద్య విద్యార్థులకు స్వల్పకాలిక పరిశోధన వేతనాలు ప్రారంభించింది. కాని రెండు నెలల రుచి జీవితకాలపు వృత్తి కాజాలదు. 2016లో జాతీయ డయాలిసిస్ పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ వెలిశాయి. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మూత్రపిండాల ఆరోగ్యంపై తీర్మానం ఆమోదించింది. యంత్రాలు వస్తున్నాయి, భవనాలు లేస్తున్నాయి, తీర్మానాలు సాగుతున్నాయి. ఆ భవనంలో కూర్చుని పదేళ్ళపాటు ఒకే ప్రశ్నను పట్టుకుని వదలని మనిషిని తయారు చేయడానికి మాత్రం బడ్జెట్ పుస్తకాలలో ఒక పద్దు వెదకి పట్టుకోవడం కష్టం.

కావలసినవి గొంతెమ్మ కోరికలు కావు. యువ వైద్యునికి వారంలో కొన్ని దినాలు పరిశోధనకే విడిచిపెట్టాలి. చేయి పట్టి నడిపించే గురువు వుండాలి. శిక్షణ ముగిసినాక కొలువు వుండాలి. ముఖ్యంగా రోగం వున్న ఊరి పిల్లలకు ఆ అవకాశం ముందు దక్కాలి. ఊరి భాష తెలిసినవారికే ఊరు నిజం చెబుతుంది.

నేను బయలుదేరేనాటికి యానాం వారు ఇంకా పక్క గదిలోనే వున్నారు. డయాలిసిస్ ఎప్పుడెప్పుడు చేయించాలో వారికి తెలిసింది. జబ్బు ఎందుకు వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదట. ఉద్దానం అమ్మాయి చదువు ముగించుకుని తన జిల్లాకే పోతానంటున్నది. ఆమె కోసం అక్కడ ఒక కుర్చీ సిద్ధంగా వుంటుందా అన్నదే ఢిల్లీ పెద్దలు జవాబు చెప్పవలసిన ప్రశ్న.