పోలీసు కారులో ఒక పూట

"పోలీసు కారెక్కిన" అని ఫోన్లో చెప్పగానే సూర్యాపేటలో మా బావమరిది గొంతు పడిపోయింది. "ఏం జేసినవు బావా? వీసా మంచిగనే ఉన్నది గదా?" అన్నాడు. పాఠకులు కూడా అట్లాగే అనుకునేరు. నేను తప్పు చేసి ఎక్కలేదు. దరఖాస్తు పెట్టుకుని, సంతకం చేసి, ముందు సీట్లో దర్జాగా కూర్చుని నాలుగు గంటలు తిరిగి వచ్చాను.

ఇంగ్లండులో చాలా చోట్ల పోలీసు శాఖల్లో 'రైడ్ అలాంగ్' అని ఒక పద్ధతి ఉంది. మామూలు జనం కూడా కొన్ని గంటలు పోలీసుల వెంట వెళ్లి వాళ్ల పని చూడవచ్చు. నార్తాంప్టన్ దగ్గర గోడౌన్లు కడుతున్న మా సైటుకు, పనిముట్ల దొంగతనాల గురించి జాగ్రత్తలు చెప్పడానికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. టీ తాగుతూ ఆయనే ఈ సంగతి చెప్పాడు. పేరు, అడ్రసు, పుట్టిన తేదీ ఇస్తే మన మీద కేసులేమైనా ఉన్నాయేమో చూసుకుంటారు. తర్వాత కబురు వస్తుంది. ఎవరినైనా వెంటాడవలసి వస్తే మధ్యలో దింపేస్తామని నాకిచ్చిన కాగితంలో ముందే రాసి ఉంది.

నిజం చెప్పాలంటే పోలీసు పని చూడాలని కాదు నేను వెళ్లింది. వేగం చూడాలని. దానికో కారణం ఉంది, ముందు అది చెప్పాలి.

నా గొప్ప, నా తప్పు

నల్గొండలో సివిల్ డిప్లొమా చేసి మస్కట్ వెళ్లాను. అక్కడ ఐదేళ్లు. సూపర్‌వైజర్ అన్నాక పికప్ తాళం మన చేతికే ఇస్తారు. "అన్న బండి ఎక్కితే గంట ప్రయాణం ముప్పావు గంటే" అని మనవాళ్లు అంటుంటే ఛాతీ పొంగేది. గేరు మార్చడంలో, సందు దొరకగానే దూరడంలో నా అంతవాడు లేడనుకున్నాను.

2019లో ఒక గురువారం సాయంత్రం నిజ్వా రోడ్డు మీద వస్తున్నాం. బండిలో నాతో కలిపి ఐదుగురం. అక్కడ హైవే మీద 120 దాటకూడదు. నేను ఎంతలో ఉన్నానో ఇప్పుడు రాయను. ముందు ట్యాంకరును దాటబోతే అవతల ఇంకో బండి కనిపించింది. బ్రేకు కొట్టాను. బండి తిరిగిపోయి రెయిలింగుకు తగిలింది. నాకు గీత కూడా పడలేదు. పక్క కిటికీ దగ్గర కూర్చున్న జగిత్యాల తమ్ముడికి ముంజేయి రెండు చోట్ల విరిగింది. అతను రాడ్ బెండింగ్ పనివాడు. చెయ్యి అతికింది గానీ పట్టు రాలేదు. ఆరు నెలలకు ఇంటికి వెళ్లిపోయాడు.

"రోడ్డు మీద ఇసుక ఉంది, టైరు జారింది" అని కాగితాల్లో రాయించాను. ఇసుక నిజంగానే ఉంది. కానీ అక్కడ ఇసుక ఎప్పుడూ ఉంటుంది.

2022లో ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు రోజూ పొద్దున ఐదున్నరకు ఆరుగురిని వ్యానులో ఎక్కించుకుని సైటుకు తీసుకెళ్తాను. కిందటేడు 30 మైళ్ల రోడ్డులో 37లో వెళ్తూ కెమెరాకు చిక్కాను. 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు పడాలి. మొదటిసారి కాబట్టి వాటి బదులు క్లాసుకు కూర్చోమన్నారు. కూర్చున్నాను. విన్నాను. అయినా లోపల ఒకటే మాట: 'చేతకానివాళ్లకు ఇవన్నీ. నాకు చేతనవును. పోలీసులు వందకు పైన నడపడం లేదా?' ఆ వంద ఎలా నడుపుతారో చూద్దామనే ఆ దరఖాస్తు.

ఆవిడ మాట్లాడుతూనే ఉంది

పసుపు, నీలం గళ్ల వోల్వో కారు. నడిపేది నలభై దాటిన ఒక ఆడమనిషి, ట్రాఫిక్ విభాగం. ఈ వైపు వాళ్లు ఆప్యాయంగా ఎవరినైనా 'డక్' అంటారు. అంటే బాతు. "బెల్టు పెట్టుకో డక్" అంటే మొదట నాకు నవ్వొచ్చింది. పెద్ద వేగం ఆశించి వచ్చిన నాకు మొదటి గంట అంతా నిరాశే. ఊళ్లో 30 అంటే 30. ఆగిపోయిన ఒక లారీ వెనక కోన్లు పెట్టాం. ఒకచోట టీ తాగాం.

కానీ ఒకటి గమనించాను. కారు కదిలినంతసేపూ ఆవిడ చిన్నగా మాట్లాడుతూనే ఉంది. నాతో అనుకున్నాను. కాదు. రోడ్డుతో. "ఇళ్ల ముందు చెత్త డబ్బాలు పెట్టారు, ముందు ఎక్కడో చెత్త బండి ఉంటుంది. బస్సు ఆగింది, దాని కింద నుంచి కాళ్లు కనిపిస్తున్నాయి. ఆ తెల్ల కారులో డ్రైవరున్నాడు, ముందు చక్రం తిరిగి ఉంది." పల్లె రోడ్డులోకి వెళ్లాక ఒక్కసారి వేగం తగ్గించి, "గుర్రపు లద్దె, పచ్చిగా ఉంది" అంది. వంపు తిరిగామో లేదో, ఇద్దరు అమ్మాయిలు గుర్రాల మీద వెళ్తున్నారు. నేను ఆ రోడ్డులో వందసార్లు వెళ్లాను. లద్దె తొక్కాను గానీ దాన్ని చదవవచ్చని తోచలేదు.

ఇది ఆవిడ అలవాటు కాదు, శిక్షణలో భాగమట. చూసింది పైకి చెప్పాలి. చెప్పలేనిది చూడనట్టే లెక్క. ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1930ల్లో లండన్ పోలీసు కార్లు తరచూ ప్రమాదాల్లో పడుతుంటే హెండన్‌లో డ్రైవింగ్ స్కూలు పెట్టారు. రేసుల్లో కార్లు నడిపిన లార్డ్ కాటెన్‌హామ్‌ను సలహాదారుగా పిలిచారు. అక్కడ తయారైన పద్ధతే 1955లో 'రోడ్‌క్రాఫ్ట్' అనే పుస్తకంగా జనానికి కూడా అందింది. కొత్త ముద్రణలు ఇప్పటికీ దొరుకుతాయి. అందులో వరస ఇది: ముందు సమాచారం, తర్వాత రోడ్డు మీద మన స్థానం, తర్వాత వేగం, గేరు, ఆఖరున త్వరణం. మా సైటు భాషలో చెప్పాలంటే లెవెల్ చూడకుండా షట్టరింగ్ లేదు, షట్టరింగ్ లేకుండా కాంక్రీటు లేదు. నేను ఇన్నేళ్లూ ముందు కాంక్రీటు పోసి తర్వాత లెవెల్ చూసినవాణ్ణి.

వంపుల దగ్గర ఇంకో కిటుకు చెప్పింది. వంపులో రోడ్డు రెండు అంచులూ దూరాన ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి. కన్ను అక్కడ పెట్టాలి. ఆ చోటు మన మీదికి వస్తుంటే వంపు బిగుస్తోంది, తగ్గించాలి. మనతో పాటు దూరం జరుగుతుంటే వంపు విడుస్తోంది, మెల్లగా పెంచవచ్చు. దీనికి పెద్ద కారేం అక్కర్లేదు. మన మునగాల రోడ్డు మీద ఆటోలో కూర్చున్నా ఇది కనిపిస్తుంది.

నూట పదిహేను

రెండో గంటలో రేడియో పలికింది. ఏ45 మీద వెల్లింగ్‌బరో వైపు రెండు కార్లు గుద్దుకున్నాయి, ఒకరు లోపల ఇరుక్కున్నారు. నీలం లైట్లు వెలిగాయి, సైరన్ మోగింది. నా చేయి దానంతటదే తలుపు పిడిని పట్టుకుంది.

ఊళ్లో ఎర్ర సిగ్నల్. దూసుకుపోతుందనుకున్నాను. దాదాపు ఆగింది. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. ఒక ముసలాయన కంగారులో నడిరోడ్డున కారు ఆపేశాడు. ఆవిడ తిట్టలేదు, హారన్ కొట్టలేదు. రెండు క్షణాలు ఆగి, ఆయన కుదురుకున్నాక పక్కనుంచి వెళ్లింది.

ఏ45 ఎక్కగానే మొదలైంది. ఎనభై, తొంభై, వంద, నూట పదిహేను. మన లెక్కలో గంటకు 185 కిలోమీటర్లు. అంటే 'ఒకటి' అనేలోపు యాభై మీటర్లు. ఇంజను శబ్దం తప్ప కారులో ఏమీ కదల్లేదు. తలుపులో పెట్టిన సీసాలో నీళ్లు కూడా తొణకలేదు. స్టీరింగు మీద చేతులు రొట్టె పిండి మీద చేతుల్లా మెత్తగా ఉన్నాయి. మాట మాత్రం ఆగలేదు, గొంతు పెరగలేదు. "నీలం వ్యాను అద్దంలో నన్ను చూశాడు. లారీ వెనక ఎర్ర కారు చూడలేదు, బయటికి రావచ్చు, దానికి చోటు ఉంచుతున్నా." ఎర్ర కారు నిజంగానే బయటికి వచ్చింది. మేము అప్పటికే తగ్గి ఉన్నాం. ఆ పనితనం చూసి నాకు ఒళ్లు జలదరించింది. మంచి మేస్త్రీ తూకపు గుండు లేకుండానే గోడ వంకర పట్టేస్తే చూస్తూ నిలబడిపోతామే, అలాంటి ముచ్చట.

అప్పుడు జరిగింది నేను మరిచిపోలేనిది. ముందు రోడ్డు కొంచెం ఎత్తు ఎక్కుతోంది. కనుచూపు మేర ఒక్క బండి లేదు. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టింది. నూట పదిహేను నుంచి డెబ్భైకి. ఎత్తు మీదికి వచ్చాం. అవతల ఏమీ లేదు, ఖాళీ రోడ్డు. మళ్లీ వేగం.

"అవతల ఏమీ లేదు కదా" అన్నాను.

"లేదని ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలియదు" అంది.

ఇంతలోనే రేడియో. ఇంకో కారు ముందే చేరింది, లోపలి మనిషిని తీశారు, మీరు రానవసరం లేదు. లైట్లు ఆగాయి. నిమిషంలో కారు 70కి దిగి ఎడమ లైనులోకి వచ్చింది. మస్కట్లో నేనైతే ఆ ఊపును ఇంకో పది కిలోమీటర్లు అనుభవించేవాణ్ణి. ఆవిడ "ఆ మనిషి బతికే ఉన్నాడు, మంచిదైంది" అని టీ సంగతి ఎత్తింది.

అనుమతి ఉన్నా లెక్క ఉంది

తిరుగు దారిలో నా అనుమానం అడిగాను: "మీకు లిమిట్ లేదు కదా?" 1984 నాటి చట్టం ప్రకారం అత్యవసర పని మీద ఉన్న డ్రైవరుకు స్పీడు లిమిట్ నుంచి మినహాయింపు ఉంది. ఎర్ర సిగ్నల్‌ను 'దారి ఇచ్చి వెళ్లు' అన్న గుర్తులా చూడవచ్చు. కానీ ప్రమాదకరంగా నడిపితే పోలీసు మీదా కేసే. 2022లో మార్చిన చట్టం ప్రకారం, అదే శిక్షణ ఉన్న జాగ్రత్తపరుడైన పోలీసు ఎలా నడిపేవాడో దానితో పోల్చి చూస్తారు. ఆవిడ మామూలు లైసెన్సు మీద మొదట మూడు వారాలు, కొన్నేళ్లకు ఇంకో నాలుగు వారాలు నేర్చుకుందట. మధ్యమధ్య మళ్లీ పరీక్షలు.

"భయం వెయ్యదా?" అన్నాను.

"వేస్తుంది. ఎదుటివాడు ఏం చేస్తాడో నాకు తెలియదు కదా డక్."

నేను ఇంక మాట్లాడలేదు. నిజ్వా రోడ్డు గుర్తొచ్చింది. ఆ ట్యాంకరు అవతల ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే వెళ్లాను. చేతులు, కాళ్లు ఆవిడవి ఎంత చురుకో నావీ అంతే చురుకు కావచ్చు. తేడా అంతా ఆ ఖాళీ ఎత్తు దగ్గర తొక్కిన బ్రేకులో ఉంది. మేము దూలానికి లెక్క కట్టేటప్పుడు వచ్చే బరువు కంటే ఎక్కువ మోసేలా కడతాం. డిప్లొమాలో మొదటి ఏడాది చెప్పిన పాఠం. ఆరుగురు మనుషులున్న వ్యానుకు ఆ లెక్క ఎన్నడూ వేయలేదు.

టేపు పట్టి చూపించాను

సోమవారం సైటులో పని మొదలుకాక ముందు మావాళ్లను నిలబెట్టి టేపు పరిచాను. ఇక్కడి హైవే కోడ్ పుస్తకంలో లెక్కలున్నాయి. 30 మైళ్లలో చూసి, బ్రేకు వేసి, ఆగడానికి 23 మీటర్లు. 40లో 36. 70లో 96. ఇది ఎండిన రోడ్డు మీద. 30కి, 60కి వేగం రెట్టింపే, కానీ బ్రేకు దూరం 14 మీటర్ల నుంచి 55కు, అంటే నాలుగు రెట్లు అవుతుంది. 23 దగ్గర ఒక కోను, 36 దగ్గర ఒక కోను పెట్టాను. "మధ్యలో ఈ పదమూడు మీటర్లలో ఎంతమంది నిలబడతారో చూడండి" అన్నాను. ఆరుగురూ చేతులు చాపి నిలబడ్డారు, ఇంకా చోటు మిగిలింది. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు వ్యానులో నేను పైకి చెబుతూ నడుపుతున్నాను, తెలుగులోనే. "బస్సు ఆగింది, కాళ్లు కనబడుతున్నయి. సైకిలాయన వెనక్కి చూడలేదు." మొదటి రెండు రోజులు వెనక సీట్లో ఒకటే నవ్వు. "అన్నా, క్రికెట్ కామెంటరీ ఆపు, నిద్రపోనీ" అన్నారు. మూడోవారానికి నిజామాబాద్ పిల్లాడు నాకంటే ముందే "అన్నా, లద్దె!" అని అరిచాడు. బండి మొత్తం లేచి కూర్చుంది.

ఒక పని మిగిలిపోయింది. జగిత్యాల తమ్ముడు ప్రతి దసరాకు ఫోన్ చేస్తాడు. "అన్నా, మంచిగున్నవా?" అంటాడు. చెయ్యి మాట ఇద్దరం ఎత్తం. ఈసారి దసరా దాకా ఆగలేదు, నేనే చేశాను. "ఆ రోజు ఇసుక కాదు తమ్మీ, తప్పు నాది" అన్నాను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత అన్నాడు: "నాకు ఎరుకే అన్నా. నీ పక్కనే కూసున్న గదా, మీటరు చూసిన." ఇంకొంచెం ఆగి, "ఇప్పుడు మెల్లగ నడుపుతున్నవా?" అని అడిగాడు.

నడుపుతున్నానని చెప్పాను. ఆ మాట నిలబడాలంటే పొద్దున తొందర ఉండకూడదు. అందుకే మా వ్యాను ఇప్పుడు ఐదున్నరకు కాదు, ఐదూ ఇరవైకే బయలుదేరుతోంది.