తోకచుక్కపై దిగిన చుట్టము

మియాపూరులో మా యింటి పెద్దలకు తోకచుక్క యన్న నేటికిని అరిష్టమే. 1910లో హేలీ తోకచుక్క వచ్చినపుడు, దాని తోకలోని విషవాయువు సోకునని దేశదేశములలో జనులు భీతిల్లిరి. గురజాడవారు మాత్రము ‘ముత్యాల సరములు’లో దానిని భూమికి చుట్టముగా నెంచిరి.

2014 నవంబరు 12న ఐరోపా అంతరిక్ష సంస్థవారి ఫిలే యంత్రము 67పి తోకచుక్కపై దిగెను. వార్త భూమికి చేరుటకే 28 నిమిషములు పట్టినది. ఇచ్చట నూరు కిలోలు తూగు ఫిలే అచ్చట ఇంచుమించు ఒక గ్రాము తూగును! అంత తేలిక కనుకనే దానిని నేలకు బిగించుటకు ఈటెల నమర్చిరి. అవి పేలలేదు. యంత్రము బంతివలె నెగిరి, దాదాపు రెండు గంటలకు బండల నీడలో చిక్కుకొన్నది. ఎండ చాలక, మూడు దినములైనను గడవకమునుపే బ్యాటరీ తరిగి మూగవోయినది.

యంత్రమే ‘నేను’ అని పలుకుచున్నట్లు నిర్వాహకులు సందేశములు ప్రకటించుచుండిరి. అది వారి చమత్కారమని అందరెరిగినదే. ఐనను జనులు దానికి బిడ్డకువలె వీడ్కోలు చెప్పిరి.

2016 సెప్టెంబరు 2న రోసెట్టా నౌక తీసిన ఛాయాచిత్రములో దాని జాడ దొరకినది. అరిష్టమని వాదించిన మా నాయనమ్మగారికి ఆ చిత్రము చూపితిమి. ‘అయ్యో పాపం, ఒక్కటే పడి ఉన్నదే!’ అనిరి.