ఆఖరి స్టాపు దగ్గర కార్లు

మీ ఊరు మెయిన్ రోడ్డుకు దూరమా? అయితే ఈ సంగతి మీకు కొత్త కాదు. పట్నం పోవాలంటే సైకిలు మీద రోడ్డు దాకా వస్తారు. సైకిలు స్టాండులో పెడతారు. టోకెను కొంగున ముడేసుకుంటారు. బస్సు ఎక్కుతారు. సాయంత్రం బస్సు దిగి, టోకెను ఇచ్చి, సైకిలు తీసుకుని ఇంటికి పోతారు.

ఇంగ్లాండులో ఇదే పని కార్లతో చేస్తున్నారు. అక్కడ నాటింగ్‌హామ్ అనే నగరం ఉంది. ఆ నగరం శివారులో టోటన్ లేన్ అనే చోటు ఉంది. ట్రాముకు అదే ఆఖరి స్టాపు. స్టాపు పక్కనే పెద్ద జాగా ఉంది. అందులో దాదాపు 1400 కార్లు పెట్టుకోవచ్చు. ట్రాము ఎక్కేవాళ్ల దగ్గర కారు పెట్టినందుకు డబ్బులు తీసుకోరు. ట్రాము టిక్కెట్టు కొంటే చాలు. ఈ ఏర్పాటును 'పార్క్ అండ్ రైడ్' అంటారు. బండి పెట్టు, ఎక్కి పో అని అర్థం.

ట్రాము అంటే ఏమిటి? చిన్న రైలు లాంటిది. ఊళ్లో రోడ్డు మీదే పట్టాల మీద నడుస్తుంది. పైన కరెంటు తీగ ఉంటుంది. ఆ కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి పొగ రాదు. మద్రాసులో 1953 దాకా ట్రాములు నడిచాయి. ఆ రోజుల్లో మద్రాసు పోయివచ్చిన మన పెద్దవాళ్లు కొందరు ఎక్కే ఉంటారు.

ఆఖరి స్టాపులో ట్రాము వెనక్కి ఎలా తిరుగుతుంది? తిరగనే తిరగదు! దానికి రెండు చివరలా డ్రైవరు గది ఉంటుంది. డ్రైవరు ఈ చివర నుంచి ఆ చివరకు మారితే చాలు. వెనక ముందవుతుంది. ఇంకో మంచి సంగతి. ప్లాట్‌ఫారమూ ట్రాము గుమ్మమూ ఒకే ఎత్తులో ఉంటాయి. మెట్లు ఎక్కే పని లేదు. ముసలివాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు ఎంత తేలిక! మన బస్సుల మెట్లు గుర్తుకొస్తున్నాయి కదూ?

నాటింగ్‌హామ్‌లో పూర్వం కూడా ట్రాములుండేవి. 1936లో వాటిని ఆపేశారు. తర్వాత కార్లు పెరిగాయి. ఒక కారులో చాలాసార్లు ఒక్క మనిషే ఉంటాడు. ఒక ట్రాములో దాదాపు 200 మంది పడతారు. ఆ 200 మందీ తలా ఒక కారు వేసుకుని బజారులోకి వస్తే ఏమవుతుంది? కార్లు కదలవు, మనుషులు నడవలేరు. అందుకే 2004లో మళ్లీ ట్రాము పెట్టారు. టోటన్ లేన్ దాకా 2015 ఆగస్టు 25న వచ్చింది. పెద్ద రహదారి అక్కడికి దగ్గరే. దూరం నుంచి వచ్చేవాళ్లు కారును అక్కడే వదిలేస్తారు. ఊరి చివర జాగా ఎంచుకున్నది అందుకే.

మరి ఖర్చు ఎవరిది? అక్కడే తగాదా వచ్చింది. 2012లో నగరంలో ఒక పన్ను పెట్టారు. ఆఫీసులో, ఫ్యాక్టరీలో పనివాళ్ల కార్లకు పది కంటే ఎక్కువ జాగాలు ఇచ్చే యజమాని ఏటా జాగాకు ఇంత అని కట్టాలి. బ్రిటన్‌లో ఇలాంటి పన్ను మొదట వేసింది ఈ నగరమే. ట్రాము ఖర్చులో కొంత ఆ డబ్బులోంచి వచ్చింది. అయితే కొందరు యజమానులు ఆ పన్నును పనివాళ్ల దగ్గరే వసూలు చేశారు. రాత్రి డ్యూటీకి కారులో రాక తప్పనివాళ్లకు ఇది కష్టమే అని నాకనిపిస్తుంది.

దారిలో బీస్టన్ అనే ఊరుంది. పట్టాలు వేయడానికి అక్కడి రోడ్లు తవ్వారు. 2014 చివర నడవాల్సిన ట్రాము ఆలస్యమైంది. అన్నాళ్లూ దుకాణాలకు బేరాలు తగ్గాయి. దుకాణాలవాళ్లు గోల పెట్టారు. పెట్టరా మరి?

కారు లేనివాళ్ల సంగతేమిటి? 1400 జాగాలున్నా వాళ్లకు ఒక్కటీ పనికిరాదు. కాని ట్రాము టోటన్ లేన్ నుంచి బీస్టన్ మీదుగా, విశ్వవిద్యాలయం మీదుగా, క్వీన్స్ మెడికల్ సెంటర్ అనే పెద్ద ఆసుపత్రి మీదుగా నగరంలోకి పోతుంది. బీస్టన్‌లో ఉండే ఆడమనిషి పిల్లను తోపుడుబండిలో పెట్టుకుని అలాగే ట్రాము ఎక్కవచ్చు. ఆసుపత్రి దగ్గరే దిగవచ్చు. ఆమె టోటన్ లేన్ ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. కాని ఆమె పక్క సీటులో కూర్చున్నది, పొద్దున అక్కడ కారు వదిలి ఎక్కిన మనిషే కావచ్చు.